కడుపులో పెట్టుకున్నవాడు

మా వైపు రాగిసంగటిని నమలరు. వేడి ముద్దలోంచి వేళ్లతో కాస్త తుంచి, నున్నగా ఉండ చేసి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేస్తారు. పంటికి తగలకూడదు. చిన్నప్పుడు ఒకసారి నేను నమలబోతే మా అవ్వ నా గడ్డం పట్టుకుని ఆపింది.

"మింగు నాయనా. నమిలేది దయ్యాలు. వాటి గొంతు సూదిబెజ్జమంత. మింగితే దిగదు. అందుకని యాడో ఒక మూలన కూచోని పొద్దంతా నమలతా ఉంటాయి."

ఆ తర్వాత చాలాకాలం, ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఊరంతా తలుపులు వేసుకుని పడుకున్నప్పుడు, మా గాదె వెనకనుంచి ఏదో నములుతున్న చప్పుడు నాకు వినిపించేది. ఎలుకలే అయ్యుంటాయి.

ఆపరేషన్ తర్వాత ఆ చప్పుడు నా నోట్లోంచి రావడం మొదలైంది. కడుపు కోసి, ఎక్కువ భాగం తీసేసి, మిగిలిన కొసను పేగుకు కుట్టి పంపారు నన్ను. ఏది తిన్నా నోట్లోనే నీళ్లయ్యేదాకా నమలాలి. వసారాలో గోడవైపు తిరిగి కూర్చుని నమిలేవాణ్ణి. వీధిలో పోయే పిల్లలు మా ఇంటి దగ్గరికి రాగానే నడక వేగం పెంచేవాళ్లు. వాళ్ల ఇళ్లల్లోనూ అవ్వలు ఉన్నారు మరి.

అంత పని ఎందుకు చేయించుకున్నానో చెప్పాలంటే కరువు దగ్గరికి పోవాలి.

యాభైల మొదట్లో వానలు వరసగా ఎగ్గొట్టాయి. కళ్యాణదుర్గం పక్క ఒక పల్లెలో నేను బడి అయ్యవారిని. చెనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయాయి. బావిలో బొక్కెన వేస్తే రాతికి తగిలిన చప్పుడు తప్ప ఏమీ పైకి వచ్చేది కాదు. సర్కారువాళ్లు మా బడి ఆవరణలో గంజి కేంద్రం పెట్టి, నడిపే పని నాకు అప్పగించారు. పెద్ద గంగాళం ముందు నిలబడి వచ్చినవాళ్ల ముంతల్లో నేనే పోసేవాణ్ణి.

నేను అప్పుడు చాలా లావు. ఎద్దుల పక్కటెముకలు దూరంనుంచే కనిపించే రోజుల్లో నా కడుపు నాకంటే ముందే గంగాళం దగ్గరికి చేరేది. చిన్నప్పటినుంచీ అదే ఒళ్లు. అయినా ఎవరికని చెప్పను? ముంత చాచినవాళ్ల చూపు గంజి మీద కాకుండా నా కడుపు మీద ఆగినట్టుండేది.

పైగా నేను చేసే పని ఒకటుంది. గంజి పొయ్యడం అయిపోయాక బడి గదిలోకి పోయి, తలుపు వేసుకుని, ఇంటినుంచి నా భార్య కట్టిచ్చిన సంగటి తినేవాణ్ణి. ఇద్దరికి సరిపోయేంత ముద్ద. కిటికీ అవతల, గంజి తాగినవాళ్లు గోడనీడన కూలబడి ఉండేవాళ్లు. సంగటి మింగితే చప్పుడు కాదు. ఆ సంగతి తలచుకుని సంతోషించేవాణ్ణి. అది మా ఇంటి గింజల సంగటే, దొంగసొత్తు కాదు. మరి తలుపు ఎందుకు వేసుకున్నట్టు?

ఒకనాడు వరసలో నిలబడ్డ ఒక ముసలామె, బుగ్గన పచ్చబొట్టు ఉన్న మనిషి, తన పక్కనున్నామెతో గట్టిగా అంది:

"ఈయప్ప ఊరినంతా కడుపులో పెట్టుకున్నాడు సూడే!"

పక్కనామె ఏదో బదులు చెప్పింది. నాకు వినబడలేదు. వరసంతా గొల్లుమని నవ్వింది. గరిటె పక్కకు ఒరిగి గంజి నేల మీద ఒలికింది. ఒలికిన చోట మట్టి ఒక్క క్షణంలో తాగేసింది.

ఆ మాట నన్ను వదల్లేదు. కరువు పోయింది, వానలు వచ్చాయి, గంగాళాన్ని తిరిగి పట్టుకుపోయారు. నేను మాత్రం పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకుంటే చాలు, లోపల ముంతలు ఒకదానికొకటి తగులుతున్నట్టు ఉండేది. వరసలో నిలబడ్డవాళ్ల గుసగుసలు వినిపించేవి. ఊరినంతా మింగినవాణ్ణి. చప్పుడు కాకుండా మింగినవాణ్ణి.

కొన్నేళ్లకు కడుపులో మంట పుట్టింది. తిన్నప్పుడు తగ్గి, ఖాళీ అయితే పెరిగే మంట. అనంతపురంలో డాక్టరు పుండు అన్నాడు, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. గుత్తిలో రైలెక్కి పోయాను. అక్కడి సర్జన్ తొందర లేని మనిషి. కారం మానేసి, పాలు తాగుతూ, మందులు వాడితే మానిపోయే పుండే అన్నాడు.

"కోస్తే ఏమైతుంది సార్?" అన్నాను.

కోస్తే పుండు పోతుంది, కానీ కడుపు పిడికెడు అవుతుంది, ఈ జన్మలో మళ్లీ కడుపునిండా తినలేవు, ఒళ్లంతా కరిగిపోతుంది అన్నాడాయన. నన్ను భయపెట్టడానికి చెప్పిన మాట అది. నాకు వరంలా వినిపించింది. మందులు ఇచ్చి పంపితే, వారం తిరక్కుండా మళ్లీ పోయి, నొప్పికి ఉరేసుకోవాలనిపిస్తోందని చెప్పాను. రక్తం కక్కుకున్నానని చెప్పాను. రెండూ అబద్ధాలే. ఆయన నా మొహం చూసి, సరే అన్నాడు.

ఇంటికి వచ్చి నా భార్యతో ఇంకో అబద్ధం చెప్పాను.

"కోయకపోతే బతకనన్నాడు మే, డాక్టరు."

ఆమె చేతిలో చాట కింద పెట్టింది.  లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

నిజం ఒక్కరికే తెలుసు, అదీ సగం. కళ్యాణదుర్గంలో మిషను పెట్టుకున్న దర్జీ, నాతో చదువుకున్న సాయిబు, నా చొక్కాలన్నీ కుట్టేది అతనే. వాడితో నవ్వుతూ అన్నాను, లావు తగ్గించుకునేదానికి పోతాండానని.

"నీకు చొక్కా కుట్టేదానికన్నా డేరా కుట్టేది సుళువని నేను ఊరికే అంటే, దానికింత కోపమా అప్పా! కడుపే తీసేయించుకుంటావా?" అన్నాడు వాడు. తర్వాత నవ్వు ఆపి, "మజాక్ చేస్తాండావు కదా?" అన్నాడు.

మజాక్ అనే చెప్పాను.

మత్తు దిగుతున్నప్పుడు, కళ్లు సరిగా తెరుచుకోకముందు, ఎవరో మూత పెట్టిన బకెట్టును నా మంచం పక్కనుంచి తీసుకుపోతున్నారు. మూత గలగలమంది. నాకు ముంతల చప్పుడే వినబడింది. వీళ్లను ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగానట. నర్సు తర్వాత చెప్పింది, "ఎవరిని అంటే మీరు చెప్పలేదు" అని.

తగ్గాను. డాక్టరు చెప్పినదానికంటే ఎక్కువే తగ్గాను. మొదట్లో సంబరంగా ఉండింది. దర్జీ టేపు నా చుట్టూ తిప్పి, ఇంకా మిగిలిన కొసను చూసి, చొక్కాలు చిన్నవి చేసిచ్చాడు. కొన్ని నెలలకు మళ్లీ పోయాను. మళ్లీ చిన్నవి చేశాడు. మూడోసారి పోయినప్పుడు చొక్కా తొడుక్కుంటే బరువుగా ఉంది, లోపల మడతలు చర్మానికి రాసుకుంటున్నాయి.

"ఇదేందిరా, ఇంత మందంగా ఉండాది?"

"గుడ్డ కత్తిరించలేదప్పా. లోపలికి మడిచి కుడతాండా. మళ్లీ లావైతావు కదా, అప్పుడు విప్పుకోవచ్చు."

"నేను మళ్లీ లావు కాను."

"నువ్వు కావేమో. ఆయప్ప వస్తే?" అన్నాడు వాడు. నవ్వలేదు.

ఆ పాత మనిషిని నడుము చుట్టూ, చంకల కింద మడతలు పెట్టుకుని తిరిగాను. వాడు కుట్టిన చొక్కాలు అన్నీ అలాగే ఉండేవి. ఎండలో నడుస్తుంటే ఇంకెవరో లోపలినుంచి నన్ను వాటేసుకున్నట్టుండేది.

ఇక తిండి. నాలుగు ముద్దలు నమిలి దించుకున్న కాసేపటికి గుండె దడదడ కొట్టుకునేది. ఒళ్లంతా చెమటలు, కళ్ల ముందు నలుపు. మంచం మీద వాలిపోవాల్సిందే. మా వసారాలోంచి చూస్తే ఎర్రనేల, దాని చివర రాతిగుండ్లు పేర్చినట్టున్న కొండ, ఆ కొండమీద అమ్మవారి చిన్న గుడి. మధ్యాహ్నం ఎండకు నేల మీద గాలి ఆడుతూ కొండ మొదలు కనబడకుండా పోయేది. కొండ గాలిలో నిలబడినట్టుండేది. ఆ వేళకు పిట్ట కూడా కదలదు. అప్పుడు నా కడుపు మాట్లాడేది. గుడగుడమని కాదు. అడుగంటిన బావిలోంచి చాలామంది ఒకేసారి మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు. వింటూ పడుకునేవాణ్ణి. కొంతమందిని బకెట్టులో తీసుకుపోయారు, మిగిలినవాళ్లు వీళ్లు అనుకునేవాణ్ణి. చదువు చెప్పేవాణ్ణి, అది పేగుల చప్పుడని నాకు తెలుసు. తెలిసినా వింటూనే ఉండేవాణ్ణి.

ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా కొన్ని వచ్చాయి. పాదాలు తిమ్మిరెక్కి నేల తెలిసేది కాదు. నాలుక నున్నగా అయిపోయి రుచులు పోయాయి. మొహం మైనంలా తెల్లబడింది. మా ఇంటి కుక్కే ఒకరోజు నన్ను చూసి మొరిగింది.

ఇవన్నీ నేను కొనితెచ్చుకున్నవి, భరించవచ్చు. భరించలేనిది వేరే ఉంది.

ఆపరేషన్ అయిన ఏడాది, ఒక మధ్యాహ్నం నాకు పెట్టి నా భార్య సట్టి మీద మూత వేసేసింది.

"నువ్వు తినవా?"

"పొద్దున తిన్న కదా. నాది ఒంటిపూట."

"ఎన్నాళ్లనుంచి?"

"నువ్వు ఆసుపత్రికి పోయినప్పటినుంచి." కొండవైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆయమ్మకు మొక్కుకున్న. మా ఆయప్పను బతికించు తల్లీ, ముందు మాదిరి నిండా ముద్ద మింగేదాకా నేను ఒంటిపూటే ఉంటానని. బతికిచ్చింది. ఇంక ముద్ద ఒకటే బాకీ."

నోట్లో ఉన్నది నమలడం ఆపేశాను. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ జన్మలో మళ్లీ కడుపునిండా తినలేవు. అంటే ఈమె ఈ జన్మంతా ఒంటిపూట. రాని చావుకు మొక్కింది, రాని ఆకలి కోసం కాచుకుంది. ఒక్క మాట చెబితే మొక్కు విడిపోతుంది. ఆ మాట నా నోట్లోనే ఉంది. సంగటిలా అటూ ఇటూ తిప్పి, నీళ్లయ్యేదాకా నమిలి, మింగేశాను.

అలా ఎన్నో ఏళ్లు మింగాను. ఆమె పొద్దున ఒకసారి తిని పొలంపని, ఇంటిపని చేసుకునేది. గాజులు మోచేతిదాకా జారేవి. కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకునేది. ఇద్దరం సంతకు పోతుంటే వెనకనుంచి ఎవరో అన్నారు, "కరువు ముందే వచ్చినట్టుండాది" అని.

చెప్పే ధైర్యం లేక వేరే దారి వెతికాను. ముద్ద మింగి చూపిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒక పండగ రోజు సంగటి, పుంటికూర పులుసు చెయ్యమన్నాను.

"ఈపొద్దు మింగుతా సూడు," అన్నాను.

ఆమె మొహం వెలిగింది. తడిచేత్తో ముద్ద చేసి పళ్లెంలో పెట్టి, నా ముందు కూర్చుని, కొండవైపు ఒకసారి దణ్ణం పెట్టుకుంది. నేను తుంచి, ఉండ చేసి, మింగాను. ఇంకోటి మింగాను. ఎన్నో ఏళ్ల తర్వాత పంటికి తగలకుండా సంగటి గొంతు దిగింది. సగం ముద్ద అయ్యేసరికి లోపల ఎవరో అడ్డంగా చెయ్యి పెట్టారు. అంతే. నీళ్లు తాగితే నీళ్లు తిరిగొచ్చాయి. రొమ్ము కింద రాయి నిలబడింది. చెనక్కాయ మూటల లారీలో మూటల మీద పడుకోబెట్టి అనంతపురం తీసుకుపోయారు. గొట్టం దించి తీశారు. బయటికి వచ్చిన సంగటి మింగినట్టే ఉంది, ఉండలు ఉండలుగా. నా కడుపు దాన్ని ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక ఆమె అంది: "ఆయమ్మకు ఇంకా కోపం పోలేదు. నాదే తప్పు, మనసులో తొందరపడినా."

మరునాటినుంచి ఆ ఒక్కపూట తిండిలో ఉప్పు కూడా మానేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. నా పాపాల్లో ఏది పెద్దదని ఎవరైనా అడిగితే, కోయించుకున్నది కాదు. ఆ ఉప్పు.

అరవైల నడుమ వానలు మళ్లీ మొహం చాటేశాయి. ఒక సంతరోజు, జనం పలచబడ్డ మధ్యాహ్నం వేళ, రోడ్డు పక్క గుండు నీడన కూర్చుని ఉన్నాను. ఎండలోంచి ఒక ముసలామె నడిచి వచ్చింది. ముందు నీడ వచ్చినట్టు, తర్వాత మనిషి వచ్చినట్టు అనిపించింది. బుగ్గన పచ్చబొట్టు. గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. పక్కన కూలబడి, నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"ఆ ఊర్లో లావుటి అయ్యవారు ఒకాయన ఉండె కదప్పా. పోయినాడంట కదా?"

 "ఊఁ. పోయినాడు," అన్నాను.

"అయ్యో." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నిజంగానే ఒత్తుకుంది. "అట్లాటోళ్లే పోతారు ముందు. ఆ కరువులో మాకు గంజి పోసినాడు. పలచటిది పోసి పొమ్మనలేదప్పా. ముసలోళ్లకు గరిటె అడుక్కు ముంచి, చిక్కనిది సూసి పోస్తా ఉండె. ఊరినంతా కడుపులో పెట్టుకున్నాడు."

"ఏమన్నావు?"

"కడుపులో పెట్టుకున్నాడు అంటి. కన్నతల్లి మాదిరి. ఒకసారి వరసలో ఆ మాటే అంటే నా పక్కనుండే ఆమె ఏమనె తెల్సా? 'అందుకేనేమో ఆయప్ప కడుపు అంతుండాది, మనమందరం పట్టొద్దా!' అనె." ముసలామె బోసినోటితో నవ్వింది. "శానా నవ్వినాం. ఆ కరువంతా మేము నవ్వింది ఆ ఒక్కనాడే."

నేను తెలుగు అక్షరాలు నేర్పి బతికినవాణ్ణి. కడుపులో పెట్టుకోవడమంటే ఏమిటో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! తలుపు వేసుకుని తిన్న మనిషి చెవికి మాత్రం అది ఇంకోలా వినబడింది. ఆమె లేచి ఎండలోకి పోయింది. ఆ లావుటి అయ్యవారు చచ్చిపోయాడని, అతన్ని ఎవరు చంపారో నాకు తెలుసునని ఆమెను పిలిచి చెప్పాలనిపించింది. పిలవలేదు. చొక్కా లోపలి మడతలు చెమటకు తడిసి నన్ను పట్టుకుని ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి నా భార్య పొయ్యి ముందు కూర్చుని, సట్టిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని సంగటి కెలుకుతోంది. చేతుల్లో బలం లేదు, కట్టె తిరగడం లేదు. గడప దగ్గరే కూర్చున్నాను.

"డాక్టరు కోయకపోతే చస్తావనలేదు మే. మందుతో పోతుందన్నాడు. నేనే కోయించుకున్న. లావు పోవాలని. నీకు అబద్ధం చెప్పినా."

కట్టె ఆగింది.

"మళ్లీ ముద్ద మింగేది…"

"లేదు. ఎప్పటికీ లేదు. అదీ ముందే చెప్పినాడు డాక్టరు."

"ముందే?"

"ముందే."

"నేను ఉప్పు మానినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె నా వైపు చూడలేదు. సట్టిలోకి చూస్తోంది.  మావైపు తప్పు చేసినవాళ్లందరూ అనే మాటే నోటికి వచ్చింది.

"కడుపులో పెట్టుకో మే."

"యాడ పెట్టుకునేది?" అంది. "ఎండిపోయి వీపుకంటుకోనుండాది."

కొండవైపు తలుపు తెరిచే ఉంది. ఆమె లేచి దాన్ని మూసేసింది.

"ఆయమ్మకు నువ్వే పోయి చెప్పుకో. నాకు ఆకలైతాండాది."

ముద్ద చేసి పళ్లెంలో వేసుకుంది. ఉప్పు డబ్బా తీసి, పులుసులో ఉప్పు వేసుకుంది. నా ఎదురుగా కూర్చుంది. అన్నేళ్లలో మధ్యాహ్నం పూట ఆమె పళ్లెం ముందు కూర్చోవడం అదే మొదలు. తుంచి, ఉండ చేసి, మింగింది. మొదటిది కష్టంగా దిగింది. నీళ్లు తాగి మళ్లీ తుంచింది. తర్వాత ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు, తింటూనే ఉంది.

ఆనాటినుంచి రెండుపూటలా తింది. పోయిన ఒళ్లు మాత్రం తిరిగి రాలేదు. నన్ను కడుపులో పెట్టుకున్నానని ఎన్నడూ అనలేదు. నేను మళ్లీ అడగలేదు. తిమ్మిరి కాళ్లతో పాక్కుంటూ కొండెక్కి, అమ్మవారికి చెప్పవలసింది చెప్పి వచ్చాను.

ఆ మధ్యాహ్నం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. తలుపు మూసిన గదిలో ఆమె చప్పుడు కాకుండా మింగుతోంది. బయట పిట్ట కూడా లేదు. నా కడుపులో మాటలు ఆగిపోయి, వరసంతా ఎటో వెళ్లిపోయినట్టు ఖాళీగా ఉంది. అప్పుడు వినబడింది, గాదె వెనక ఏదో నములుతున్న చప్పుడు. అటు తిరిగి చూశాను. ఏమీ లేదు. నా నోట్లోనూ ఏమీ లేదు. దవడలు మాత్రం ఆడుతున్నాయి.